బోరింగుల జాబితాకు నేను కాసిన కాపలా

తొంభైల చివర నల్లగొండలో, నీళ్లు పరీక్ష చేసే ఒక చిన్న ఆఫీసులో నా ఉద్యోగం. పరీక్షలు చేసే ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. అక్క అనే అర్థంలో అందరం ఆపా అనేవాళ్లం. ఏ ఊరి బోరింగులో ఫ్లోరైడ్ ఎంతుందో ఆమె చెబితే నేను నేరుగా కంప్యూటర్లో ఎక్కించేవాణ్ణి.

కంప్యూటర్ పత్రికతో పాటు వచ్చిన సీడీతో అందులో లినక్స్ వేసిన రోజు నా సంబరం అంతా ఇంతా కాదు. ఫైలును ఎవరు చూడొచ్చో, ఎవరు రాయొచ్చో చెప్పేది నేనే! బోరింగుల జాబితాను అందరూ చూడొచ్చు, రాసేదీ చెరిపేదీ నేనొక్కణ్ణే అని కట్టుదిట్టం చేశాను. రోజూ రాత్రి రెండింటికి దానంతటదే నకలు తీసుకునేలా స్క్రిప్టు కూడా రాసిపెట్టాను. లినక్స్ పుస్తకంలో ఆ వేళే ఉంది మరి.

"నన్ను గూడ ముట్టనియ్యవా?" అంది ఆపా.

"ఇంకెవ్వలు జెయ్యి వెట్టినా ఖరాబైతది ఆపా," అన్నాను గొప్పగా.

మూడు నెలలకు, ఒక శుక్రవారం, పాత ఫైళ్లు తుడిచేస్తూ ఆ జాబితానే తుడిచేశాను. సోమవారం అది ఇంజనీర్లకు అందాలి. చెడ్డ నీళ్ల బోరింగులకు వాళ్లు ఎర్ర రంగు వేస్తారు. అందకపోతే ఆ ఊళ్ల పిల్లలు ఇంకా అవే నీళ్లు తాగుతారు. నకళ్లున్నాయిగా అని తెరిచాను. తొంభై ఉండాల్సిన చోట మూడంటే మూడే ఉన్నాయి.

తేదీలు చూసి ఎగిరి గంతేసినంత పనిచేశాను. అవి ఆపా కొల్లాపూర్‌కు పెళ్లికి పోయిన మూడు రోజులు! మిగతా రోజుల్లో ఆమె ఇంటికి పోతూ కరెంటు మెయిన్ స్విచ్ బంద్ చేసేది. చివర వెళ్లేవాళ్లు ఆ పని చేయడం మా దగ్గర రివాజు. కరెంటే లేకపోతే నకలెక్కడిది? ఆ మూడు రోజులూ చివర వెళ్లింది నేను, మెయిన్ సంగతే మరిచాను.

"నేను మెయిన్ మర్చిపోతే తిట్టినవు సూడు ఆపా, గా తప్పే మనల బతికిచ్చింది!"

"పెండ్లికెల్లి వచ్చి ఎనిమిది దినాలాయె. గా ఎనిమిది దినాల లెక్కలు ఏడున్నయి?"

ఆమె అలమార తెరిచింది. రిపోర్టు పోయేదాకా ఊళ్ల నుంచి వచ్చిన నీళ్ల సీసాలు పారబోసే మనిషి కాదు. అన్నీ ఉన్నాయి.

"నేను మల్ల పరీక్ష జేస్త. ముందుగాల నువ్వు గా కుర్సీలకెల్లి లెవ్వు."

రాసే హక్కు ఆమె పేరుకు మార్చి, చూసే హక్కు మాత్రం నాకు ఉంచుకుని లేచాను. ఆదివారం సాయంత్రం దాకా ఆపా పరీక్షలు చేస్తూ, ఒక్క వేలితో అంకెలు కొడుతూనే ఉంది. పక్కన నిలబడి సీసాల మీది ఊళ్ల పేర్లు నేను చదివాను.