సూరత్‌కు గంటన్నర

చదువులో నేను పోయిన దూరం బడి గోడ దాకే, అది కూడా దూకి పారిపోవడానికి. అట్లాంటి నాకు కరోనా పుణ్యమా అని విమానం ఎక్కే యోగం పట్టింది.

మొదటి లాక్‌డౌన్‌లో సూరత్ పాండేసరలో మేం పనిచేసే కార్ఖానాల గుడ్డ నేసే సాంచాలు బందయినయి. నేనూ నా భార్యా కొంత దూరం నడిచి, కొంత దూరం లారీల మీద కూలబడి, సిరిసిల్ల పక్కన ఉన్న మా ఊరు చేరినం. మళ్లీ కార్ఖానా తెరిచినంక పనోళ్లు దొరక్క సేఠ్ విమానం టికెట్టు పంపిండు. ఒక్కటే పంపిండు. ఇన్నేండ్లూ నా పక్కన కూచొని దారం కండెలు చుట్టింది నా భార్యనే, కానీ ఆమె కూలి నా పేరు మీదనే వచ్చేది. సేఠ్‌కు తెలిసిన పనోన్ని నేనొక్కన్నే. "మేం ఇద్దరం పనిచేస్తం సేఠ్" అని ఒక్క మాట అంటే అయిపోయేది. విమానం మోజులో నోరు మెదపలేదు.

హైదరాబాద్‌లో ఎక్కి, సీటు బెల్టుతో కుస్తీ పట్టేలోపే సూరత్‌లో దిగిన. బమ్రోలిలో మేమిద్దరం ఉన్న పాత రూము తాళం తీస్తూనే నా భార్యకు ఫోన్ చేసి, "అప్పుడు మనం పడుతూ లేస్తూ పోయిన తొవ్వ గంటన్నరేనే!" అని గొప్పలు కొట్టిన. హడావిడిగా పోతూ ఆమె వదిలేసిన చీర ఇంకా తాడు మీదనే ఉన్నది. దాన్ని చూడంగనే నా మొఖం నాకే చెల్లలేదు. అయినా నోరు ఊరుకుంటదా!

"రంది పడకు, దగ్గరనే ఉన్న," అన్న.

"గంటన్నరే గదా," అన్నది. "అయితే రాత్రి బువ్వకు ఇంటికి వచ్చిపో."