తలా ఒక స్ట్రిప్పు

మొన్న మా చర్చి ఫెలోషిప్ వాట్సాప్ గ్రూపులో ఒక అమ్మాయి మెసేజ్ పెట్టింది, బుధవారం ఇండియా వెళ్తున్నాను, ఎవరికైనా ఏమైనా కావాలా అని. ఇంగ్లండులో షెఫీల్డ్‌లో ఉన్న మా తెలుగువాళ్లకి ఇంతకంటే శుభవార్త ఉండదు. పది నిమిషాల్లో గోంగూర పచ్చడి, జాకెట్టు కొలతలు, పిల్లల చెప్పుల సైజులు వరసగా దిగాయి. ఆఖర్న ఒకాయన నడుం నొప్పి టాబ్లెట్లు ఒక స్ట్రిప్పు తెస్తావా తల్లీ అని రాశాడు. పొయ్యి మీద కూర మాడుతున్నా సరే, "ఆయనకేమీ తేవద్దు, ముందు జీపీ డాక్టరు దగ్గరికి వెళ్లమను" అని అందరూ చూసేలా రాశాను. ఈవిడకి పెత్తనం ఎక్కువైందని అనుకునే ఉంటారు. అనుకోనీండి.

మా తోటికోడలు, అంటే మా మరిది భార్య, నాకు చెల్లెలి లెక్క. నేను ఆసుపత్రిలో నర్సుని, తను ముసలివాళ్ల కేర్ హోమ్‌లో పని చేసేది. ఒకరోజు పడిపోబోతున్న భారీ మనిషిని పట్టుకోబోయి నడుం పట్టేసుకుంది. జీపీ కొన్నాళ్లకని కోడీన్ అనే నొప్పి మాత్రలు రాశాడు, తర్వాత ఇక చాలన్నాడు. నొప్పి మాత్రం చాలనలేదు, డ్యూటీ రోటా అసలే అనలేదు. సెలవు పెడితే వీసా ఏమవుతుందోనని దానికి హడలు. "అక్కా, ఇండియా నుంచి వచ్చేవాళ్లెవరికైనా ట్రామడాల్ మాత్రలు తెమ్మని చెప్పవా, పొద్దున్నే లేవలేకపోతున్నా" అంది. మొదటి స్ట్రిప్పు తెప్పించింది నేనే. ఇరవై రెండేళ్లుగా నర్సుని. వార్డులో అలాంటి అలవాటుపడే మందు ఇవ్వాలంటే పక్కన రెండో నర్సుని సాక్షిగా నిలబెట్టుకునేదాన్ని. ఇంట్లో మాత్రం మిఠాయి పొట్లం ఇచ్చినట్టు దాని చేతిలో పెట్టాను.

అలా రెండేళ్లు గడిచాయి. ఆదివారం ప్రసంగం మధ్యలో తూగేది, పాస్టరు గారి వాక్యం అంత చల్లగా ఉందా అని ఏడిపించేవాళ్లం. చిక్కిపోయింది, చేతులు ఊరికే గోక్కునేది, చిన్నచిన్న విషయాలకీ అబద్ధాలాడేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర పాస్టరమ్మ గారు మాటవరసకి, "పాపం, నేను తెప్పించిన నడుం నొప్పి మందు దానికి పనిచేసిందో లేదో" అన్నారు. పక్కనే ఉన్న ఆంటీ, "మీరూ తెప్పించారా? మొన్న మా తమ్ముడితో నేనూ తెప్పించానే" అంది. బిర్యానీ ప్లేట్లు చేతుల్లో పట్టుకుని నిలబడ్డ చోటే ఏడిళ్ల వాళ్లం బయటపడ్డాం. అప్పటిదాకా దాన్ని ఆదుకుంటున్నది మేమొక్కరమే అని ఎవరికి వాళ్లం లోలోపల మురిసిపోతూ ఉన్నాం.

ఆ తర్వాత మేం చేసింది ఇంకా ఘోరం. ఈ రోజు నుంచి ఎవరూ ఇవ్వకూడదని కూర్చుని తీర్మానం చేసుకున్నాం, ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాం. డాక్టరుకి చెబితే కేర్ హోమ్‌కి తెలుస్తుంది, ఉద్యోగం పోతుంది, వీసా పోతుంది. కాబట్టి గుట్టుగా మా ఇంటికి తెచ్చుకుని, బ్యాగూ కోటు జేబులూ వెతికి గదిలో పడుకోబెట్టాను. మూడో రోజుకి ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లు దాని మాట వినకుండా ఎగిరెగిరి పడుతున్నాయి. నా పాదాలు పట్టుకుంది. "ఒక్కటి అక్కా. ఒక్కటంటే ఒక్కటి. తర్వాత నువ్వు చెప్పినట్టే వింటా." నేను కాళ్లు లాక్కుని, "సిగ్గు లేదుటే నీకు" అన్నాను. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తుంది.

అయిదో రోజు మధ్యాహ్నం అన్నం వారుస్తుంటే గదిలోంచి మూలుగు కూడా వినబడలేదు. నిద్ర పట్టిందని సంతోషించాను, ఏం బుద్ధి నాది. తలుపు తీస్తే నేల మీద ఉంది, పెదవులు నీలంగా. నోటికి ఏదీ సహించడం లేదని అదంటే, ఆ పొద్దున మా మరిది వాళ్లింటి నుంచి కారప్పొడి డబ్బా తెచ్చి ఇచ్చాడు. ఆ పొడి అడుగున దాచుకున్న మాత్రలు, రోజూ అలవాటైన లెక్కలోనే, మింగేసింది. నా ఊపిరి దాని నోట్లోకి ఊదుతూ, ఫోను స్పీకర్లో పెట్టి అంబులెన్సు కోసం 999 వాళ్లతో మాట్లాడాను. అంబులెన్సు వాళ్లొచ్చి ముక్కులో ఆ మందుని విరిచే స్ప్రే కొట్టాక ఒక ఊపిరి తీసుకుంది. ఏం వేసుకుందని అడిగితే మొదటిసారి ఏదీ దాచకుండా అన్నీ చెప్పాను.

ఆసుపత్రిలో ఈ అలవాటు మాన్పించే విభాగం నుంచి ఒక యార్క్‌షైర్ ఆవిడ వచ్చింది, మనం తల్లీ అన్నట్టు అందరినీ "లవ్" అని పిలిచే రకం. ఇది జబ్బు, దీన్ని ఒక్కసారిగా తెంచకూడదు, మెట్టు మెట్టుగా దించాలంది. అయిదు రోజులు మానిన ఒళ్లు పాత మోతాదుని తట్టుకోలేదట. నర్సునై ఉండి ఆ మాట ఆవిడ నోట వినాల్సి వచ్చింది నాకు.

ఏడాది దాటింది. ఇప్పుడు ఫెలోషిప్‌లో మాకూ ఒక రోటా ఉంది. గురువారం క్లినిక్‌కి ఒకరు తోడు వెళ్తారు, దాని పిల్లల్ని బడి నుంచి ఇంకొకరు తెస్తారు. ఆ స్ప్రే ఎలా కొట్టాలో పాస్టరమ్మ గారితో సహా అందరం నేర్చుకున్నాం. అయినా మధ్యలో రెండుసార్లు అది మళ్లీ పాత అలవాటులోకి జారిపోయింది. ఉద్యోగం లేదు, వీసా సంగతి లాయరు చేతిలో ఉంది. ఇంకా మా ఇంట్లోనే ఉంటోంది, రోజూ ఉదయం డాక్టరు రాసిన మోతాదు నేనే ఇస్తాను. అది నా మొహం చూడదు, నేనూ దాని మొహం చూడలేను. ఒకసారి బస్సులో, "ఆ రోజు నన్ను వదిలేసుండాల్సింది అక్కా" అంది. నాకు భయం. రోజూ దాని గది తలుపు తీసేటప్పుడు భయం.

పోయిన గురువారం తోడు వెళ్లడం నా వంతు. క్లినిక్‌లో మమ్మల్ని పిలవడం ఒక గంట ఆలస్యమైంది. చేసే పనేం లేక, "అసలు ఎక్కడే నొప్పి?" అని అడిగాను. అది నా చెయ్యి తీసుకుని నడుం కింద ఎడమ పక్కన పెట్టుకుంది. డ్యూటీలో పక్కబట్టలు మార్చేటప్పుడు అక్కడ ఎలా పొడిచేదో, దుప్పట్ల గదిలోకి వెళ్లి ఎలా ఏడ్చేదో గంటసేపు చెబుతూనే ఉంది. అదంతా నేను వినడం అదే మొదటిసారి. రెండేళ్ల పాటు మాత్రలు తెప్పించాను కానీ ఈ ఒక్క ప్రశ్న వేయలేదు, తీరిక లేదనుకున్నాను. ఆ గంట నా దగ్గర అప్పుడూ ఉంది.