ఎడమవైపు ఆవిడ

నవంబరు పదహారో తేదీ, ఆదివారం, విజయనగరం. అమ్మకు తొంభై నిండిన సందర్భంగా ఇంట్లో ప్రార్థన. వచ్చినవారు: పాస్టరుగారు, చెల్లెలు, పొందూరు నుంచి మొదటిసారి మా ఇంటికి వచ్చిన చెల్లెలి వియ్యపురాలు. ఇంట్లోవాళ్లం అమ్మ, నేను, నా భార్య.

డైరీలో ఎప్పటిలాగే ఇంతవరకే రాశాను. ఆ తర్వాత జరిగింది ఇక్కడ రాస్తున్నాను. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు వెళ్లిపోయారు. అమ్మను లోపల మంచం మీద పడుకోబెట్టాం. హాల్లో టీ తాగుతున్న వియ్యపురాలు గోడమీది ఫొటో చూసి, గ్లాసు కిందపెట్టి, కళ్లజోడు సర్దుకుంటూ దగ్గరికి వెళ్లింది.

“అన్నయ్యగారూ, మా మామ్మని మీరెప్పుడెత్తుకొచ్చీసారండీ?” అని పకపకా నవ్వింది.

“అదేటి వదినా, ఆవిడ మా అమ్మమ్మ కదా!” అంది చెల్లెలు.

“మీ అమ్మమ్మేటి! ఇదే ఫొటో మా ఇంట్లోనూ ఉన్నాది. అందులో దొరసాని వెనకాల ముగ్గురుంటారు. మిగతావోళ్లని ఏటి సేసీసారు?”

మిగతావాళ్లను కత్తిరించింది నేనే.

నలభయ్యేళ్ల కిందట, కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటున్న రోజుల్లో, మన జిల్లాల్లోని పాత మిషను బడుల మీద పరిశోధనకని, ఆ బడులు నడిపిన కెనడా మిషను కాగితాలుండే టొరంటో వెళ్లి పది నెలలున్నాను. విదేశం వెళ్లొచ్చానంటే అందరూ ఏవేవో చూసి వచ్చాననుకుంటారు గానీ, నేను చూసింది ఒక నేలకింది గదినీ, అక్కడినుంచి ట్రాములో అరగంట దూరంలో ఉన్న పాత కాగితాల గదినీ మాత్రమే. నా గదికి ఉన్న ఒక్క కిటికీ పైకప్పుకు ఆనుకుని ఉండేది. అందులోంచి దారినపోయేవాళ్ల బూట్లు తప్ప మనుషులు కనిపించేవారు కారు. మొదటివారం పప్పులో పోపు పెడితే పైనుంచి ఇంటావిడ ఇల్లు అంటుకుందేమోనని పరుగెత్తుకొచ్చింది. ఆ పోర్చుగీసు వితంతువు మంచి మనిషే. ఆవిణ్ని మళ్లీ హడలగొట్టడం ఇష్టంలేక పది నెలలూ పోపులేని పప్పే తిన్నాను. కాగితాల గదిలో కోటూ సంచీ బయటపెట్టి, పెన్సిలు ఒక్కటే తీసుకుని కూర్చోవాలి. ఒక పెట్టె తిరిగి ఇస్తే గాని రెండోది ఇవ్వరు. వెలిసిపోయిన చేతిరాతల మీద భూతద్దం పెట్టి సాయంత్రందాకా చదివి, చీకట్లో తిరిగొచ్చి, తడిసిన మేజోళ్లు ఆరబెట్టుకుని డైరీ రాసేవాణ్ని. ఆ డైరీ ఇప్పుడు తిరగేస్తే ఉన్నవి మూడే సంగతులు: చలి ఎంత, పెట్టె నంబరు ఎంత, ఏం వండాను.

మన తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇంటి ఉత్తరం చేరడానికి మూడు వారాలు పట్టేది. అమ్మ చెబుతుంటే చెల్లెలు రాసేది. ప్రతి ఉత్తరం చివరా ఒకటే మాట: “నీ సదువు సంగతి సరేగానీ, మా యమ్మ మొకం దొరికిందో లేదో అది రాయి.” మా అమ్మమ్మ దొరసానులతో పాటు ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్లకు అక్షరాలు నేర్పి వాక్యం చదివి వినిపించే బైబిలు స్త్రీ. అమ్మకు రెండేళ్లప్పుడు పోయింది. ఇంట్లో ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు.

దొరసానుల ఉత్తరాల్లో బండి ఎద్దుకు పేరుంది. ఊరూరా తమతో నడిచిన ఈ ఆడవాళ్లకు మాత్రం లేదు. తొమ్మిదో నెల చివర, అమ్మమ్మ పనిచేసిన మా ఊరి మిషను బడి ఫొటో దొరికింది. వెనకాల ఊరి పేరు, సంవత్సరం, దొరసాని పేరు, ఆపైన ‘ముగ్గురు సహాయకురాళ్లు’ అని మాత్రమే ఉంది. నడిమి ఆవిడ తల నెరిసిన మనిషి, అమ్మమ్మ కాదు. ఎడమవైపు ఆవిడ సూటిగా చూస్తోంది. కుడివైపు ఆవిడ సరిగ్గా ఆ క్షణంలోనే తల తిప్పడంతో మొహమంతా చెదిరిపోయింది. ఎడమో కుడో తేల్చడానికి ఆధారం లేదని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. అదే రోజు అమ్మకు ఉత్తరంలో, ఎడమవైపు ఆవిడే అని రాశాను. అప్పటికి బాగా అలిసిపోయి ఉన్నాను. పైగా కుడివైపు నుంచి పంపడానికి మొహమంటూ లేదు.

దాని నకలు తెచ్చి, ఇక్కడి స్టూడియోలో ఎడమవైపు ఆవిణ్ని ఒక్కదాన్నే పెద్దది చేయించాను. అమ్మ ఫొటోలోని గడ్డం తడిమి, “నా గెడ్డవే కదరా” అంది. మూడేళ్ల కిందట చూపు పూర్తిగా పోయేదాకా పొద్దున్నే ఆ ఫొటో చూడనిదే కాఫీ ముట్టలేదు.

వియ్యపురాలు కొడుక్కి ఫోను చేసి, వాళ్లింట్లోని ఫొటో ముందూ వెనకా తీసి పంపమంది. పది నిమిషాల్లో వచ్చింది. వెనకాల వాళ్ల నాన్నగారి దస్తూరీలో ఎడమనుంచి వరసగా మూడు పేర్లు: మొదటిది వాళ్ల మామ్మది, చివరిది మా అమ్మమ్మది.

నేను సముద్రాలు దాటి పెట్టెలు గాలిస్తున్నన్నాళ్లూ ఆ పేర్లు పొందూరులో, బస్సెక్కితే రెండు గంటల దూరంలో, ఒక గోడకు వేలాడుతూనే ఉన్నాయి. ఇప్పుడు వెతకడానికి మంచులో నడవక్కర్లేదు, పెన్సిలు చెక్కుకోనక్కర్లేదు. అప్పట్లో అంత కష్టానికి ఓర్చుకున్న మేము, పక్క ఊరి మనిషిని ఒక్కమాట అడగాలని మాత్రం అనుకోలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను.

“అయితే ఇన్నాళ్లూ ఎవులినో అమ్మా అన్నానేటిరా?” అంది.

అవునన్నాను.

“మరి మా యమ్మ ఎలాగున్నాది? సూసి సెప్పు.”

కత్తిరించని నకలు బీరువాలోంచి తీసి కిటికీ దగ్గర పట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను: బక్కపలచని మనిషి, తెల్లచీర, చేతిలో పుస్తకం, తల పక్కకు తిప్పింది, మొహం తెలియడం లేదు.

“ఎందుకు తిప్పీసింది?”

తెలియదన్నాను.

“అప్పటికి నేనెంత?”

నకలు వెనకాల నేను రాసుకున్న సంవత్సరం చూసి, ఏడాది కూడా నిండలేదన్నాను.

అమ్మ గోడవైపు తిరిగి పడుకుంటూ, “నేనేడిసుంటాన్రా” అంది.