కొంగున్న తివాచీ

బడా బజార్లో కొన్న నా చెప్పులు ఎంత నూనె రాసినా కిర్రుమనేవి. ఆ కిర్రుతోనే ప్లీడరుగారింటికి వెళ్లాను, నేను గీసిన మొదటి తివాచీ చూపడానికి. కొత్త ఫ్యాషను: బూడిదరంగు మీద రెండే నల్ల గీతలు. ఆయన కొంటే, బి.ఏ. చదివి ఇదేం పనని మా నాన్న అడగడం కొంత తగ్గుతుంది.

ముడులు వేసినవాడు గోసాని నువాగాం పేటలో చీరల నేతగాడు. తివాచీ పని ఏలూరులో నేర్చుకొచ్చాడు. పువ్వులొద్దు, అంచులొద్దని నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను. మాట తప్పలేదు, అవేవీ వేయలేదు. మగ్గం మీంచి తిన్నగా అతనే మోసుకొచ్చిన చుట్ట ప్లీడరుగారి ముందు విప్పితే, ఒక చివర మూరెడు ఎర్ర కొంగు, దాని మీద గుడి శిఖరాల్లాంటి కుంభాలు.

"ఇదేమిటయ్యా?" అన్నాను.

"కొంగు బాబూ. మీరు గీయడం మర్సిపోయేరు," అన్నాడు నేతగాడు.

ప్లీడరుగారు తివాచీ చుట్టూ ఓసారి తిరిగొచ్చారు.

"చీర బాగుందోయ్. రవికగుడ్డేదీ?"