కాగితంలో బాపు మొహం

నందికొండ దగ్గర ఆనకట్ట కడుతున్న రోజులవి. అప్పట్లో ఇంట్లో ఏదన్నా అడగాలంటే ముందు బాపు మొహం చూసుకోవాలి. మా బాపు మొహం చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు మా ఇంట్లో ఎవరూ లేరు, ఒక్క అవ్వ తప్ప (ఆమె ఆయన్ని కన్నది కాబట్టి). నార్కట్‌పల్లి అడ్డరోడ్డు దగ్గర బాపుకు కిరాణా దుకాణం. పొద్దంతా పాత కాగితాల్లో పప్పు, చక్కెర పొట్లాలు కట్టి దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరేవాడు. నేను మెట్రిక్ పాసయ్యాను. పాలమూరు పోయి టీచర్ ట్రైనింగులో చేరాలని ప్రాణం కొట్టుకుంటోంది. దరఖాస్తు గడువు దగ్గర పడుతోంది. బాపు మాత్రం ఒక్క ముక్కలో తేల్చేశాడు, "గంత దూరం ఆడపిల్లను పంపేది లేదు" అని.

ఏడ్చి చూశాను, అన్నం మానేసి చూశాను (మధ్యాహ్నం అవ్వ చాటుగా పెట్టిన జొన్నరొట్టె లెక్కలోకి రాదు). చివరికి నాకొచ్చిన ఒకే ఒక్క విద్యను నమ్ముకున్నాను. బళ్లో డ్రాయింగు టీచరమ్మ మాకు కాగితంతో ఉబ్బెత్తు బొమ్మలు చేయడం నేర్పింది. మందపాటి తెల్ల కాగితం మీద తెగకుండా కత్తెర మొనతో గీత గీసి, ఆ గీత వెంట మడిస్తే కాగితం లేచి నిలబడుతుంది. అట్లా మడిచిన ముక్కల్ని మైదా ఉడికించిన బంకతో అట్టకు అంటించాలి. రంగులు అక్కర్లేదు, నీడలే బొమ్మను చూపిస్తాయి. బాపు మొహమే చేసి, అందులో నవ్వు నేనే పెట్టేస్తే ఆయన కరగకపోతాడా అనుకున్నాను. ముక్కుకు ఒక్క మడత చాలలేదు (మా వంశం ముక్కు అది). మీసాలకు సన్నటి ముక్కలు కోసి, పెన్సిలుకు చుట్టి వంకులు తిప్పాను. పొద్దున గోడకు తగిలిస్తే, పైనున్న కిటికీలోంచి వెలుతురు పడి బాపు కమ్మగా నవ్వుతున్నాడు. అవ్వ చూసి, "నా కొడుకు గిట్ల నవ్వంగ సూసి ఎన్నేండ్లయిందో" అని కండ్లు తుడుచుకుంది.

సాయంత్రం బాపు వచ్చాడు. అమ్మ ఎప్పట్లాగే కందిలి వెలిగించి గోడవార కింద పెట్టింది. బొమ్మ వైపు చూసి చచ్చాననుకున్నాను. వెలుతురు కింది నుంచి తగిలేసరికి నీడలన్నీ తలకిందులయ్యాయి. నవ్వే పెదవులు ఇప్పుడు పండ్లు కొరుకుతున్నాయి, ముక్కు నీడ నొసటిదాకా పాకింది, మీసాలు కొట్టడానికి వస్తున్నట్టున్నాయి. బాపు చెప్పులు విడవడం మరిచి నిలబడ్డాడు.

"ఎవరిది గా మొహం?"

"నీదే" అంది అవ్వ.

"నేను గిట్ల ఉంటనా?"

"పిల్లకు నువ్వంటే ప్రేమ గద, జర తక్కువనే చేసింది" అంది అవ్వ తమలపాకు నములుతూ.

బాపు చెప్పులు విడిచి, అన్నం తిని పడుకున్నాడు. నాకు భయం కంటే బాధ ఎక్కువైంది, ఎంతో ఇష్టంగా చేసిన మొహం అది. తెల్లారి లేచేసరికి ఆయన బొమ్మ ముందు నిలబడి ఉన్నాడు. కిటికీ వెలుతురులో బొమ్మ మళ్లీ నవ్వుతోంది.

"సూసినవా బిడ్డా, ఒప్పుకుందామని మనసుల అనుకున్న, మొహం మారింది" అన్నాడు. "కాయిదాలు తే, సంతకం పెడత."

ఆ తర్వాత దుకాణానికొచ్చిన ప్రతివాడికీ పొట్లం కడుతూ ఈ మహిమ చెప్పేవాడు. నేను టీచరునై పిల్లలకు కాగితం బొమ్మలు నేర్పే రోజుల్లో, ఇక ఉండబట్టలేక, "బాపూ, అది మహిమ కాదు, వెలుతురు..." అని మొదలుపెట్టాను.

"నాకెర్కనే బిడ్డా" అన్నాడు నింపాదిగా. "ఇన్నేండ్లు కాయిదం మడిచినోన్ని, నీడ సంగతి తెల్వదా? వద్దన్న నోటితోని సరే అననీకి ఏదో ఒక సాకు గావాలె గద."

బాపు పోయి చాలా కాలమైంది. బొమ్మను చెదలు తిన్నాయి. ముక్కు మాత్రం నాకు మిగిలింది (రోజూ అద్దంలో కనబడుతుంది). ఇప్పుడు మా ఇంట్లో అందరూ భయపడే మొహం నాదేనట. మనవరాలు ఏదో అడగాలని వచ్చి గుమ్మం దగ్గర తచ్చాడుతుంటే, నేను మెల్లగా లేచి కిటికీ వెలుతురు పడే చోటికి జరిగి కూర్చుంటాను.