తడి ఇసుక మీద ఆపిన బండి

రెండువేల ఇరవై రెండు. ఆలూరు చుట్టుపక్కల పత్తి తీతలు అయిపోయి చేలు బోడిగా మిగిలిన రోజులు. నా పదిహేడు సీట్ల టెంపో ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. ఇరవై ఏళ్లు పరాయి బండ్లు తోలిన తర్వాత నా పేరు మీద వచ్చిన మొదటి బండి అది. ఇంటిల్లిపాదికీ అదే ఆధారం.

పక్క ఊరి పత్తి కూలీల గుంపుకు పెద్ద అయిన సుంకక్క ట్రిప్పు మాట్లాడడానికి వచ్చింది. పద్నాలుగు మంది ఆడవాళ్లు గోకర్ణం పోవాలట.

"దేవునికి ఒక పూట చాలప్పా మద్దిలేటీ. సముద్రానికి మాత్రం ఒక దినమంతా ఇయ్యాల" అంది.

"దినమంతా ఆడ ఏం చేస్తారక్కా?"

"ఏం చెయ్యం. ఊరికే కూచుంటాం. డబ్బున్నోళ్లేనా ఊరికే కూచునేది?"

దర్శనం అయ్యాక, మరుసటి రోజు పొద్దున, జనం లేని ఒక ఒడ్డుకు తీసుకుపోయాను. సరుగుడు చెట్లు దాటగానే సముద్రం కనిపించింది. బళ్లారి నుంచి తెరిపి లేకుండా మాట్లాడుతూ వచ్చిన పద్నాలుగు నోళ్లూ ఒక్కసారిగా మూతపడ్డాయి. నేనూ అంత దగ్గరగా చూడడం అదే మొదలు. ఆకాశం యాడ అయిపోయిందో, నీళ్లు యాడ మొదలైనాయో తెలియలేదు.

చివరికి నాగమ్మ అనే పిల్ల నోరు తెరిచింది. "అక్కా, దీనికి అవతలి గట్టు యాడుండాది?"

"లేదంటమ్మే" అంది సుంకక్క.

"గట్టు లేని నీళ్లా!"

ఎవరూ ముందు కాలు పెట్టలేదు. వంగి, వేళ్లతో నీళ్లు తాకి కళ్లకద్దుకుని, నెత్తిన చల్లుకున్న తర్వాతే దిగారు. నాగమ్మ దోసిట్లో తీసుకుని తాగబోయి ఉమ్మేసింది.

"థూ! ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక్క బిందె కూడా మనకు పనికి రాకుండా చేసినాడే దేవుడు!"

"తియ్యగా ఉంటే నువ్వు ఆలూరుకు కాలువ తవ్వుకోని పోతావని ఉప్పేసినాడులే" అంది సుంకక్క.

ఇక నా తప్పు చెబుతాను. మా వైపు డ్రైవర్లకు ఇసుక బాగా తెలుసు. వంకలు, హగరి ఏరు దాటి దాటి నేర్చుకున్న విద్య. పొడి ఇసుక టైరును మింగుతుంది, తడిసి గట్టిపడిన ఇసుక మోస్తుంది. ఆ లెక్కనే టైర్లలో గాలి కొంచెం తగ్గించి, పొడి ఇసుక దాటించి, నీళ్ల దగ్గర సిమెంటు గచ్చులా ఉన్న తడి ఇసుక మీదికి పోనిచ్చాను. ముందుభాగం ఒడ్డు వైపు తిప్పి హ్యాండ్ బ్రేక్ వేశాను. బండి నీడన అందరూ సద్దులు విప్పి తిని, కాళ్లు చాపుకున్నారు. వాన లేకుండా నీళ్లు పైకొస్తాయన్నది నా ఊహలో కూడా లేదు. నేనూ ఒక కునుకు తీశాను.

"గాడీ తెగీరి! నీరు బర్తదె!"

బండి తీయండి, నీళ్లొస్తున్నాయి అని ఒక ముసలి బెస్తాయన కన్నడంలో అరుస్తూ పరుగెత్తి వస్తున్నాడు. లేచి చూస్తే వెనక టైర్ల చుట్టూ నురగ. ఎక్కి ఫస్ట్ గేర్ వేశాను. టైర్లు గిర్రున తిరిగి ఉన్నచోటే దిగబడ్డాయి. అల వెనక్కి పోయినప్పుడల్లా టైరు కింది ఇసుకను చేటతో ఎత్తినట్టు తీసుకుపోతోంది. ఇంజన్‌లోకి ఉప్పునీళ్లు పోతే నా బతుకు అక్కడితో సరి.

బెస్తవాళ్లు ఐదారుగురు వల లాగే మోకు తెచ్చి టో హుక్‌కు, అంటే బంపరు కింది ఇనుప కొక్కేనికి, బిగించారు. సుంకక్క చీర కుచ్చిళ్లు ఎగదోపింది.

"తేరు లాగినోళ్లం, టెంపో లాగలేమా? పట్టండే!"

"గోవిందా" అంటూ ఊపిరి తిప్పుకోకుండా లాగారు. బండి కదల్లేదు. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"సముద్రంతో కొట్లాడొద్దు. నీళ్లు పొయ్యేటప్పుడు ఊరికే పట్టుకోండి. వచ్చేటప్పుడు లాగండి, అదే తోస్తుంది" అని కన్నడంలో చెప్పాడు. బళ్లారి పక్కనుండే మా వాళ్లకు బాగానే అర్థమైంది.

అందరూ మోకు పట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డారు. పెద్ద అల వచ్చింది. స్టీరింగ్ పట్టుకున్న నాకు, ఎవరో కిందినుంచి రెండు చేతులతో ఎత్తినట్టు బండి తేలికైంది. "గోవిందా!" జానెడు కదిలింది. ఆగారు. మళ్లీ అల, మళ్లీ జానెడు. బండిని ముంచబోయిన నీళ్లే దాన్ని గట్టుకు నెడుతున్నాయి. ఏడో అలకో ఎనిమిదో అలకో టైర్లు ఇసుకను పట్టుకున్నాయి. సరుగుడు చెట్ల దాకా ఆపకుండా పోనిచ్చాను.

దిగి చూస్తే మేము తిన్న చోట నడుము లోతు నీళ్లు. పైన మబ్బు తునక లేదు.

"ఎవురు వదిలినారక్కా ఈ నీళ్లు?" అంది నాగమ్మ.

సుంకక్క నన్ను చూసింది. నేను ముసలాయన్ను అడిగాను. దీన్ని పోటు అంటారట, దినానికి రెండుసార్లు వచ్చి పోతుందట. మా ఊరి వంక ఏడాదికొకసారి పారితే ఊరంతా పోయి చూస్తాం. ఇది రెండుపూటలా, ఎవరు చూసినా చూడకపోయినా! సుంకక్క చేతులు జోడించింది. పొద్దు వాలేదాకా అందరూ అక్కడే కూర్చుని, నీళ్లు మళ్లీ వెనక్కి జరగడం కళ్లారా చూశారు.

ఆ తర్వాత మల్పె, సూర్యలంక, మైపాడు... చాలా ఒడ్లకు జనాన్ని తిప్పాను. కాలేజీ పిల్లలు మాల్దీవులనీ, బాలి అనీ ఫోన్లో చూపిస్తుంటారు. నీలపు నీళ్లు, తెల్ల ఇసుక, గొడుగుల కింద కాళ్లు చాపుకున్న మనుషులు. ఎంత బాగుంటాయో! నా చూపు మాత్రం ఇసుక మీది తడి గీత ఎంతదాకా వచ్చిందో వెతుకుతుంది. ఇసుక నాకు తెలుసనుకున్నాను. తెలిసింది మా వంక ఇసుకే. ఇప్పుడు ఏ ఒడ్డుకు పోయినా బండి దూరంగానే ఆపి, దిగి, వల బాగుచేసుకుంటున్న మనిషి దగ్గరికి పోయి, "అన్నా, పోటు ఎప్పుడు?" అని అడిగిన తర్వాతే బండి నిలిపే చోటు చూసుకుంటాను.