మావయ్యగారి కత్తుల బీరువా

మా మావయ్యగారు పోయిన కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. నాలుగో పీరియడ్‌లో ఆయా వచ్చి ఆఫీసులో ఫోనుందని చెప్పింది. అవతల మా ఆయన. "నాన్న పోయారు. త్వరగా రా. బీరువా తాళంచెవి నీ దగ్గరే ఉందిగా? అమ్మ అడుగుతోంది" అన్నారు. ఉంది. పదేళ్ళుగా నా దగ్గరే ఉంది. హ్యాండ్‌బ్యాగు మార్చినప్పుడల్లా అన్నిటికంటే ముందు దాన్నే మార్చేదాన్ని. పటమటలో బడి నుంచి భవానీపురంలో ఇంటిదాకా ఆటోలో దాన్ని గుప్పిట్లో పట్టుకునే కూర్చున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ, ముందు నాకు ఏడుపు రాలేదు. ఇక కాపలా కాయక్కర్లేదు కదా అని ఒక ఊపిరి వచ్చింది. ఆ ఊపిరి మీద నాకే అసహ్యం వేసి, అప్పుడు ఏడ్చాను.

మావయ్యగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. పొట్టిగా ఉండేవారు, చెవుల మీద వెంట్రుకలు, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన మూడోనాడు వంటింట్లో దోసకాయ తరుగుతుంటే గుమ్మంలో నుంచుని చూసి, "ఆ చాకుతో దోసకాయని హింస పెడుతున్నావమ్మాయ్" అన్నారు. లోపలికెళ్ళి ఒక కత్తి తెచ్చి గట్టు మీద పెట్టారు. నేను దాన్ని తీసుకోబోయేలోపే, "వద్దులే, ఇది పాతది, అరిగిపోద్ది" అంటూ మళ్ళీ పట్టుకుపోయారు. ఆ ఇంట్లో కత్తులకు కొదవ లేదు గానీ కూరగాయలు తరగడానికి మాత్రం ఒక్కటీ లేదని ఆ రోజే అర్థమైంది.

కత్తులంటే మీరు రాజుల ఖడ్గాలనుకునేరు. ఆయనవన్నీ కూలిపని కత్తులు. ఉయ్యూరు వైపు చెరుకు నరికేవి, అరటిగెలలు కోసేవి, తాడిచెట్టు ఎక్కేవాళ్ళు నడుముకు కట్టుకునేవి, కొండపల్లిలో బొమ్మల చెక్క చెక్కేవి, కొల్లేటి పక్క ఊళ్ళలో ఆడవాళ్ళు చేపలు కోసేవి. బస్సు ఏ ఊళ్ళో పది నిమిషాలు ఆగినా, టీ మానుకుని ఆ ఊరి కమ్మరి కొలిమికి నడిచేవారట. ఆదివారం మధ్యాహ్నం పాత లుంగీ పరిచి, అన్నిటినీ వరసగా పేర్చి, కొబ్బరినూనె గుడ్డతో తుడిచేవారు. తుడవడమే గానీ వాడటం లేదు. ఒక్కసారి మాత్రం వాడారు. కడుపుతో ఉన్నప్పుడు నాకు ముంజెలు తినాలనిపించింది. ఆయన ఒక గెల భుజాన వేసుకొచ్చి, తాడిచెట్టు కత్తి బయటికి తీసి, పెరట్లో కూర్చుని ఒక్కో కాయ చెక్కి ఇచ్చారు. తినడం నాకు విసుగొచ్చింది గానీ చెక్కడం ఆయనకి విసుగు రాలేదు. ఆ సాయంత్రం ఆయనలో నేను చూసిన సంతోషం మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఎందుకు కొంటారని మూడుసార్లు అడిగాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ చేపలు కోసే కత్తిని పోగొట్టారట, దాన్ని వెతుక్కుంటున్నానని ఒకసారి చెప్పారు. కమ్మరి కొలిములు మూతపడుతున్నాయి, ఎవరో ఒకరు దాచాలి కదా అని ఇంకోసారి. మూడోసారి అడిగితే, "తెలవదమ్మాయ్" అన్నారు. నేను మూడోదే నమ్ముతాను.

ఆయన మనసు ఏదో ఒక కత్తి మీద పడిందంటే మాకు ముందే తెలిసిపోయేది. ఇంట్లో మరీ మంచివారైపోయేవారు. చిక్కుడుకాయలు ఒలిచేవారు. అత్తయ్యగారి మోకాలు నొప్పి ఎలా ఉందని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగేవారు. అన్నంలో వేళ్ళు పెట్టుకుని ఎటో చూస్తూ ఉండేవారు. కొనేశాక ఒక రోజు హాయిగా ఉండేవారు. "కొన్ననాడు పండగే. మర్నాడు మామూలు. మూడోనాటికి మళ్ళీ కడుపులో ఖాళీ" అని ఆయనే చెప్పేవారు. బీరువా నిండాక మంచం కింద, మంచం కింద నిండాక బియ్యం డబ్బాలో, గ్యాసు బండ వెనకాల.

మా అమ్మాయి పాకే వయసులో, మంచం కిందనుంచి ఒక గుడ్డమూట లాగింది. మూట విడిపోయి అరటిగెలల కత్తి పిల్ల పాదం పక్కనే పడింది. గీత కూడా పడలేదు. అయినా అత్తయ్యగారు పిల్లను ఎత్తుకుని, అందరం ఉండగా చెప్పారు. "ఏవండీ, ఇంకొక్క కత్తి ఈ ఇంటి గడప దాటి లోపలికొచ్చిందా, నేను గడప దాటి బయటికి పోతాను. గుడివాడలో మా తమ్ముడింటికి. మళ్ళీ రాను." ఆవిడ అరిచే మనిషి కాదు. అందుకే మాకు భయమేసింది. మావయ్యగారు తల వంచుకుని, "ఇక కొనను" అన్నారు. ఆ రోజే బట్టల పెద్ద బీరువా ఖాళీ చేసి, ఉన్న కత్తులన్నీ అందులో పెట్టి తాళం వేశారు.

ఆరు నెలలు నిలబడ్డారు. ఆ తర్వాత దసరా వచ్చింది. మా ఇంట్లో ఆయుధపూజ అంటే హాల్లో తెల్ల దుప్పటి పరిచి, ఆయన కత్తులన్నీ, వాటి పక్కన అత్తయ్యగారి కత్తిపీట, నా కత్తెర, ఆయన టిక్కెట్లకు చిల్లు పెట్టే పంచ్, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం. ఇంట్లో ఉన్న పనిముట్టు ఏదీ ఆ రోజు బొట్టు లేకుండా ఉండకూడదని ఆయనకు గట్టి పట్టింపు. బొట్లన్నీ అయ్యాయి. హారతి పళ్ళెం చేతిలో పెట్టుకుని ఆయన కూర్చున్నారు గానీ కర్పూరం వెలిగించరు. "ఏంటండీ ఆలీసెం" అన్నారు అత్తయ్యగారు. మావయ్యగారు పళ్ళెం కింద పెట్టి లేచి, లోపలికెళ్ళి తన టిక్కెట్ల పెట్టె తెచ్చారు. రేకు పెట్టె. టిక్కెట్ల కట్టల కింద నుంచి ఒక కొత్త కత్తి తీసి దుప్పటి చివర పెట్టారు.

దాచి ఉంచితే ఎవరికీ తెలిసేది కాదు. బొట్టు లేకుండా ఉంచడం మాత్రం ఆయనవల్ల కాలేదు. ఆయన దొంగతనాన్ని ఆయన భక్తే పట్టించింది. అత్తయ్యగారు ఆ కత్తికి కూడా పసుపు రాసి బొట్టు పెట్టారు. హారతి అద్దుకున్నారు. మధ్యాహ్నం అందరికీ పులిహోర వడ్డించి, మూడు గంటల బస్సుకు గుడివాడ వెళ్ళిపోయారు.

మూడు నెలలు రాలేదు. ఆ మూడు నెలలూ ఆయన గుమ్మం దగ్గర ఆవిడ చెప్పులు ఉండే చోటును రోజూ ఊడ్చేవారు. చివరికి నేనే గుడివాడ వెళ్ళాను. అత్తయ్యగారు ఒకటే మాటన్నారు. "తాళంచెవి ఆయన దగ్గరుండకూడదు, నా దగ్గరా వద్దు. నేను జాలిపడి ఇచ్చేస్తా. నువ్వు టీచరువి, నువ్వు పెట్టుకో." ఆ విధంగా నాకు ఉద్యోగం కాక ఇంకో ఉద్యోగం వచ్చింది.

నేను మంచి జైలరునే. ఆదివారం గంటసేపు బీరువా తెరిచేదాన్ని. గంట కాగానే మూసేదాన్ని. డ్యూటీ దిగి రాగానే టిక్కెట్ల పెట్టె తెరిచి చూసేదాన్ని. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "చెకింగోళ్ళొచ్చారు, అందరూ టిక్కెట్లు తియ్యండి" అని నవ్వేవారు. ఆయన నవ్వుతున్నారు కదా అని నేను ఆపలేదు. అత్తవారింట్లో పెద్దమనిషి పెట్టె వెతకడం ఏం పద్ధతని మా అమ్మ తిట్టింది. తిట్టాల్సిన పనే అది.

ఆయనా ఊరికే లేరు. మైలవరం కొలిమి దారిలో పడుతుందని డిపోలో బతిమాలి ఆ రూటు వద్దని మార్పించుకున్నారు. జేబులో చార్జీకి మించి ఉంచుకునేవారు కాదు. అయినా ఎక్కడో ఒక కత్తి కనబడేది. అప్పుడు ఆయనకు ఒక ఉపాయం చెప్పాను. బడిలో పిల్లలు ఆకును కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీస్తారు, మీరూ అలా గీసుకురండి అని. కమ్మరులు నవ్వారట, కానీ గీయనిచ్చారు. నోటుబుక్కులు నిండాయి. ప్రతి బొమ్మ కిందా ఊరు పేరు, పిడి ఏ చెక్కో రాసేవారు. నా ఉపాయం పారిందని అందరికీ చెప్పుకున్నాను. ఒకరోజు ఆయన ఆ పుస్తకం మూస్తూ, "విస్తరి బొమ్మ గీసుకుంటే ఆకలి తీరుద్దా అమ్మాయ్" అన్నారు, కోపం లేకుండా. నేను వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి కొంచెం పడిపోయింది. పోయినేడాది మైలవరం తీసుకెళ్ళమని అడిగారు. ఊరికే చూసొద్దామన్నారు. వెళ్ళాం. ముసలి కమ్మరి ఆయన్ని గుర్తుపట్టి, "ఇన్నాళ్ళకి దారి తెలిసిందా కండట్రు గారూ" అని స్టూలు వేశాడు. ఒక కత్తి తెచ్చి ముందు పెట్టాడు. మావయ్యగారు ఎడమచేత్తో తీసుకుని బరువు చూశారు. ఎండలోకి తిప్పారు. తర్వాత నావైపు చూశారు. అరవై దాటిన మనిషి కళ్ళలో ఆ చూపు ఉండకూడదు.

"దించెయ్యండి మావయ్యగారూ" అన్నాను.

దించేశారు. తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ చెప్పారు. "నువ్వు రాకపోతే కొనేవాణ్ణి. నువ్వున్నా కొనాలనే ఉంది. ఇది పొయ్యేది కాదమ్మాయ్. లోపల అదీ, గుమ్మంలో కాపలా నువ్వూ నేనూ." నావైపు తిరిగి, "నేను పోయాక అవన్నీ పనిచేసుకునేవోళ్ళకి ఇచ్చెయ్యి. ఒక్కటి కూడా దాయొద్దు. నాకు మాటియ్యి" అన్నారు. ఇచ్చాను. ఆయన నిలబెట్టుకోవడానికి పదేళ్ళు యాతన పడ్డారే, అలాంటి మాటను నేను అర నిమిషంలో ఇచ్చేశాను.

ఆయన పోయిన రోజు నేను ఇంటికి చేరేసరికి హాలు నిండా జనం. అత్తయ్యగారు నన్ను పక్కగదిలోకి పిలిచి చెయ్యి చాపారు. ఆవిడే బీరువా తెరిచి, ఒక్కో కత్తినీ వేలితో తాకుతూ అన్నీ చూశారు. టిక్కెట్ల పెట్టె కూడా తెరిపించారు. ఖాళీ. "ఒక్కటీ ఎక్కువ లేదు" అన్నారు. "చూశావా, నిలబడ్డారు." అని ఆ బీరువా తలుపుకే తల ఆనించి ఏడ్చారు. ఆవిడ కోరుకున్నది ఆ మనిషి ఇచ్చి పోయారు. దానికి ఆయన ఏం చెల్లించారో పక్కనుండి చూసింది నేనొక్కదాన్నే.

పెద్దకర్మ అయ్యాక పంపకం మొదలుపెట్టాను. సెలవు రోజుల్లో న్యూస్‌పేపరు చుట్టి సంచిలో వేసుకుని ఊళ్ళు తిరిగాను. చెరుకు కత్తులు ఉయ్యూరు వైపు పోయాయి. కొండపల్లిలో ఒకాయన తన కత్తి అందుకోగానే చెక్క మీద పెట్టి ఒక పొర లేపి చూసి, "బంగారంలాగుందమ్మా" అన్నాడు. ఇచ్చేముందు ప్రతిదాన్నీ కొబ్బరినూనెతో తుడవాలి కదా. మొదట్లో గబగబా తుడిచేసేదాన్ని. తర్వాత్తర్వాత నెమ్మదించాను. పిడి అరచేతిలో ఎక్కడ కుదురుకుంటుందో, బరువు ఎటు లాగుతుందో చేతికి తెలియడం మొదలైంది. ఒకరోజు చిక్కుడుకాయలు పొయ్యి మీద మాడిపోయినా నాకు వాసన రాలేదు.

మొన్న ఆదివారానికి ఒక్కటే మిగిలింది. కొల్లేటి వైపుది, చేప కడుపు చీల్చే చిన్న కత్తి. మేము ఎప్పుడూ చేపలు కొనే ఆవిడకే ఇస్తానని చెప్పి ఉంచాను. మార్కెట్టుకు వెళ్ళాను. ఆవిడ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, చేపలు కోసే చెక్క మీద చోటు చేసింది. "చేతికియ్యకూడదమ్మా, అట్టా దాని మీద పెట్టండి, నేను తీసుకుంటా" అంది.

పేపరు విప్పాను. చెయ్యి చెక్క మీదికి చాపాను. ఆవిడ ఎదురుచూస్తోంది. నా వెనక చేపల కోసం నిలబడ్డవాళ్ళు తొందరపెడుతున్నారు. ఆవిడ నా మొహంలోకి చూసి నవ్వి, "పెడతారా, పట్టుకుపోతారా?" అంది. పెడుతున్నానమ్మా అన్నాను. చెక్క తడి నా మణికట్టుకు తగులుతూనే ఉంది. వేళ్ళు మాత్రం విడవలేదు.